73939133: తలా, తోకా

బుధవారం ఉదయం ఎవరిస్తో మాస్టారు తలపెట్టిన పని ఒక్కటే: రొసారియో నగరంలోని తమ పేట గ్రంథాలయం గుమ్మం ముందు నల్లబల్ల నిలబెట్టి, శనివారం తన ఉపన్యాసం సంగతి రాయడం. ఆయన విశ్రాంత గణితోపాధ్యాయుడు. ఈసారి ఇరవై మంది రాకపోతే ఉపన్యాసాల గదిని జానపద నృత్య శిక్షణకు ఇచ్చేస్తామని కార్యదర్శి ఎల్విరా తేల్చి చెప్పింది. క్రితం వారం వచ్చినది నలుగురు. వారిలో ఒకాయన వాన తగ్గేదాకా కూర్చున్నాడు.

మాస్టారు ముత్యాల్లాంటి అంకెలతో రాశాడు: "శనివారం అయిదింటికి: 73939133."

పక్కనే దెల్మీరా లాటరీ దుకాణం. ఆ ఊరివాళ్లు లాటరీలో వచ్చే సంఖ్య చివరి రెండంకెల మీద పందెం కాస్తారు; ఒక్కో జంటకూ ఒక అర్థం ఉంది. ముప్పైమూడంటే క్రీస్తు.

"నలభయ్యేళ్లలో ఒక్క చీటీ కొనని మనిషి వీధిలో నంబరు పెట్టాడంటే ఊరికే పెట్టడు," అంది దెల్మీరా. ఆ మాట బస్సు డ్రైవర్ రమీరో చెవిన పడింది. అతను మాతే అనే ఆకు టీ గిన్నె చేతపట్టుకుని నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, ఇది ఖాయమేనా?"

"ఖాయం. రుజువైంది కూడా."

"ఎవరు చూశారు?"

"కంప్యూటర్లు పెట్టి వెతికారు నాయనా. దీన్ని మించింది లేదు."

తన సంఖ్య మీద ఒక మనిషికి ఆసక్తి పుట్టినందుకు మాస్టారు ఆ పూట రెండు బిస్కెట్లు ఎక్కువ తిన్నాడు. రమీరో బస్సు, దానితోపాటు ఆ కబురూ, సాయంత్రానికి పదకొండు సార్లు ఊరు చుట్టాయి. గురువారానికి ముప్పైమూడు మీద ఇక పందేలు తీసుకోబోమని దెల్మీరా కాగితం అంటించింది. దాంతో అనుమానం ఉన్నవాళ్లకు కూడా నమ్మకం కుదిరింది.

శుక్రవారం లాటరీలో సున్నా ఎనిమిది వచ్చింది.

శనివారం అయిదింటికి గది కిక్కిరిసింది. వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చోలేదు.

"ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పారు. ఒక్క నంబరు సరిగ్గా చెప్పలేకపోయారా?" అన్నాడు రమీరో.

మాస్టారికి విషయం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "ముప్పైమూడు మీకు ఎక్కడ కనిపించింది?"

"చివర్లో."

"అది మూడు పదకొండ్లు, బాబూ, ప్రధాన సంఖ్యే కాదు. మీరు తోక పట్టుకున్నారు, తల పట్టుకోవాలి." ఆయన చివరి మూడును తుడిచేశాడు. 7393913 మిగిలింది. "దీన్ని దేనితోనైనా భాగించు చూద్దాం."

రమీరో పంతం కొద్దీ ఫోన్ తీశాడు. ఏడు, పదమూడు, పదిహేడు; ప్రతిసారీ శేషం మిగిలింది. మాస్టారు ఇంకో అంకె తుడిచాడు. ఈసారి దెల్మీరా కూడా ఫోన్ తీసింది. అంకె పోయిన ప్రతిసారీ మిగిలినది ప్రధాన సంఖ్యగానే నిలిచింది. బల్ల మీద ఒంటరి ఏడు మిగిలేసరికి అందరూ కూర్చుని ఉన్నారు.

"తొమ్మిదో అంకె చేరిస్తే?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఏది చేర్చినా చెడుతుంది. ఇలాంటి ఎనిమిదంకెలవి ఏవీ ఇక సాగవు; వాటిలో ఇదే పెద్దది, ఆఖరిది."

"పాపం," అన్నాడు రమీరో.

ఎల్విరా తలలు లెక్కపెట్టి, యాభై ఒకటని రాసి, గది ఏడాదిపాటు గణితానిదేనని సంతకం చేసింది.

సోమవారం దెల్మీరా దుకాణంలో ముప్పైమూడు అడిగినవాళ్లు లేరు. అందరూ తలవైపు డెబ్బైమూడే అడిగారు, అది ప్రధాన సంఖ్య అని రుజువైంది కనుక.