హైదరాబాద్‌ను లాటుగా కొన్న మాబు సాహెబ్

శుక్రవారం ఉదయం పది గంటలకు, గుంటూరు మిర్చి యార్డులో ఒక బస్తా మీద కూర్చుని, ప్రత్తిపాడుకు చెందిన మిర్చి వ్యాపారి మాబు సాహెబ్ తన ఫోన్‌లో రెండు సిటీ పాస్‌లు కొన్నాడు. ఒకటి తనకు, ఒకటి భార్య మౌలాబీకి. ఆ పాస్ ఉంటే ఆదివారం ఒక్క రోజులో హైదరాబాద్‌లో పదకొండు చోట్లు చూడొచ్చు.

కొని మంచి పని చేశాడు. ఈ కాలమ్ వాదన ఇంతే. సిటీ పాస్ కొనాలా వద్దా అని ఇంకా తటపటాయిస్తున్న పాఠకులు దయచేసి చివరిదాకా చదవండి!

ముందు పాస్ లేని మనిషి అవస్థ చూడండి. ఊరుగాని ఊరు వెళ్తాడు. ఏం చూడాలనుందో తనే తేల్చుకోవాలి. పెళ్లాన్ని అడగాలి. పెళ్లాం ఏదో చెబుతుంది. చెప్పింది వినాలి! ఇన్ని బాధలూ పడి ఒక చోటికి వెళ్తాడా, అక్కడ నీడ చూసుకుని కూర్చుంటాడు. పొద్దుగూకేదాకా లేవడు. ఇదీ ఒక టూరేనా?

మౌలాబీ సంగతే తీసుకోండి. ఆమెకు హైదరాబాద్‌లో కావలసింది ఒక్కటే. గోల్కొండ కోట గుమ్మం కింద నిలబడి తను చప్పట్లు కొట్టాలి. కొండ మీద నిలబడి మాబు సాహెబ్ వినాలి. పొన్నూరులో ఉండే ఆమె అక్క ఫాతిమా ఎప్పుడో కొట్టి వచ్చింది. "నేను కింద కొట్టానా, మీ బావకి పైన టపటపా వినపడిందే!" అని అప్పటినుంచి చుట్టాల ఇళ్లల్లో జరిగే ప్రతి పెళ్లిలోనూ చెబుతోంది.

"ఇంట్లో పక్కన నిలబడి పిలిస్తే మీకు వినపడదు. అంత ఎత్తునుంచైనా వినపడుద్దేమో చూద్దాం," అని మౌలాబీ మొగుడితో అంది.

మాబు సాహెబ్‌కు వినపడలేదు. ఫోన్‌లో మిర్చి రేట్లు చూస్తున్నాడు. రెండోసారి అంటే విన్నాడు.

"సరేలేవే, ఎక్కుతాలే," అన్నాడు.

ఒట్టి చప్పట్ల కోసం అంత దూరం ప్రయాణమా? పాస్ లేనివాళ్లకు ఇలాంటి కోరికలే పుడతాయి!

అలాగని మాబు సాహెబ్ తొందరపడి కొనే మనిషి కాదు. యార్డులో పైన కాయ చూసి ధర చెప్పడు. బస్తా అడుక్కి చెయ్యి పోనిచ్చి కాయ తీస్తాడు. విరుస్తాడు, వాసన చూస్తాడు. గుప్పెట్లో రంగు పోయిన తాలు కాయలు ఎన్నున్నాయో చూస్తాడు. పాస్‌ను కూడా అలాగే చూసి కొందామని హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. అన్విత అనే అమ్మాయి ఎత్తింది.

"అమ్మా, ముందు మచ్చు చూపించండి."

"సార్?"

"మచ్చమ్మా. ఒక చోటు ఊరికే చూపించండి. రంగు బాగుంటే మిగతా పదీ తీసుకుంటాం."

"అలా కుదరదండి. పాస్ మొత్తం తీసుకోవాలి."

"సరే. తాలెంత?"

"తాలంటే ఏంటండీ?"

"పనికిరానివమ్మా. పదకొండిట్లో ఎన్ని?"

"అన్నీ బాగుంటాయి సార్!"

మాబు సాహెబ్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, కమీషన్ ఏజెంటు కరుణాకర్ వైపు తిరిగాడు. "అన్నీ బాగుంటాయంటరా."

"అట్టా అన్నోడి దగ్గర నువ్వెప్పుడన్నా బస్తా కొన్నావా?" అని కరుణాకర్ తుమ్మాడు. యార్డులో తుమ్మకుండా మాట పూర్తి చేసినవాడు లేడు. "మీ ఆవిడ అడిగింది కోట ఒక్కటే గదరా. గేటు దగ్గర టిక్కెట్టు తీసుకుని పోరాదూ?"

"ఒరేయ్, ఒక్క బస్తా కోసం హైదరాబాద్ దాకా లారీ కడతావంట్రా?"

కరుణాకర్ మళ్లీ తుమ్మాడు. పాస్ కొనడం అయిపోయింది.

మాబు సాహెబ్‌కు వ్యాపారంలో ఒక పట్టుదల ఉంది. లాటు కొన్నాక ఒక్క బస్తా కూడా యార్డులో వదలడు. తాలుంటే తాలుతో సహా ఎత్తుతాడు. వదిలేసి వస్తే, సరుకు చూడటం చేతకాక కొన్నాడని నలుగురూ అనుకుంటారు. అందుకే ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో ఆటో మాట్లాడుకుని పదకొండు చోట్లూ ఎత్తడం మొదలుపెట్టాడు.

ప్రతి గేటు దగ్గరా ఫోన్ చూపిస్తే మెషీన్ టింగ్ అంటుంది. ఫోన్‌లో పచ్చ టిక్ పడుతుంది. టిక్ పడిందంటే బస్తా లారీ ఎక్కినట్టే!

మ్యూజియంలో గడియారం గంట కొడుతుందని జనం కుర్చీల్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. "మనింట్లో గడియారం కొట్టదా ఏంటే? పద," అన్నాడు మాబు సాహెబ్. ప్లానెటేరియంలో లైట్లు ఆర్పారు. నక్షత్రాలు రాకముందే ఇద్దరూ తడుముకుంటూ బయటికొచ్చారు. చేపల ఇంట్లో ఒక చేప తోక చూశారు. అది ఇటు తిరిగేలోపు ఆటో ఎక్కారు. మైనపు బొమ్మల ఇంట్లో మౌలాబీ ఒక బొమ్మను బయటికి దారి అడిగింది.

ఆ చేప ముందే అరగంటగా నిలబడ్డ ఒక కుటుంబం ఉంది. పాస్ లేనివాళ్లు. పాపం, వాళ్లకు ఆ చేప తప్ప ఏం దక్కింది?

"కోట ఎప్పుడండీ?" అని మౌలాబీ ఆటోలో అడిగింది.

"అది మంచి కాయే. ముందు తాలు ఎత్తేద్దాం."

మధ్యాహ్నం ఒక బొమ్మల గ్యాలరీ దగ్గర మరమ్మతులని గేటు మూసి ఉంది. మాబు సాహెబ్ గేటు ముందు నిలబడి అన్వితకు ఫోన్ చేశాడు. "అమ్మా, లాటులో ఒక బస్తా తక్కువొచ్చింది."

"సారీ సార్. దాని బదులు ఇంకో చోటు యాడ్ చేస్తున్నాను."

కొత్తగా కలిపిన చోటు పాత కార్ల షెడ్డు. నగరానికి అవతలి కొసన ఉంది. దాన్ని కోట తర్వాత ఎత్తాలని మాబు సాహెబ్ నిర్ణయించాడు. ఇంత శ్రద్ధగా మన కోసం ఆలోచించేవాళ్లు పాస్ వాళ్లు కాక ఇంకెవరున్నారు చెప్పండి!

సాయంత్రం గోల్కొండ చేరారు. టింగ్ అంది. టిక్ పడింది.

"మీరు ఎక్కండి. నేను ఇక్కడే ఉంటా. మీరు పైకి చేరాక కొడతా," అంది మౌలాబీ. నీళ్ల సీసా ఆయన చేతికిచ్చింది. "తొందరపడి ఎక్కమాకండి, ఆయాసమొస్తుంది."

మాబు సాహెబ్ మెట్ల దాకా వెళ్లాడు. తలెత్తి చూశాడు. మెట్లు చాలా ఉన్నాయి. అక్కడున్న గార్డును అడిగాడు.

"పైన మళ్లీ టిక్ పెడతారా?"

"పైన ఏముంది సార్, గాలి."

ఇక ఎక్కడం దేనికి? టిక్ కిందే పడిపోయింది కదా! షెడ్డు మూసేలోపు చేరాలంటే ఆటో ఇప్పుడే తెమల్చాలి. మాబు సాహెబ్ ఇంకో పక్కనుంచి బయటికి నడిచి, ఆటోవాడిని వెతికి పట్టుకుని, టీ తాగుతున్నవాడిని లేవదీశాడు.

మౌలాబీ ఒక రాతి మీద కూర్చుంది. ఆయన మోకాళ్ల సంగతి ఆమెకు తెలుసు. దారిలో రెండుసార్లు కూర్చుంటాడని లెక్కేసుకుని, అంతసేపూ ఆగింది. అప్పుడు లేచి, గుమ్మం కింద నిలబడి చప్పట్లు కొట్టింది. ఇవతలికి పరుగెత్తి పైకి చూసింది.

కొండ మీద గోడ దగ్గర నిలబడిన ఒక మనిషి చెయ్యి ఊపాడు.

"వినపడింది! మా ఆయనకి వినపడింది!" అని మౌలాబీ పక్కనున్న ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడెవరో ఈమెకు తెలియదు. "ఇంట్లో అయితే పక్కనుంచి పిలిచినా వినపడదండీ!"

"ఎవరితోనే మాటలు? పద, ఆటో ఆగింది. ఇంకొకటి ఉంది," అన్నాడు మాబు సాహెబ్ వెనకనుంచి.

మౌలాబీ వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. నీళ్ల సీసాకు మూత తీయలేదు. తలెత్తి కొండ మీదికి చూసింది. అక్కడి మనిషి ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

"నిన్నేనే, వినపడలా?"

మౌలాబీ తిరిగి గుమ్మం కిందికి వెళ్లింది. ఇంకోసారి, ముందుకన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఈసారి పైన ఉన్న మనిషి రెండు చేతులూ ఊపాడు.