నిటారుగా నిలబడ్డ సిగ్నలు

ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చిన్నదే. తాను తయారుచేసిన ఫోనును హాల్లో బల్లమీద పెట్టి, కిటికీలోంచి కనిపించే టవరుతో కలిపి, గంటసేపు డైరెక్టరుతో వీడియోలో మాట్లాడాలి. మాట తెగిందా, అతని పనంతా అటకెక్కుతుంది.

"దీని సిగ్నలు టార్చిలైటు వెలుగులాంటిది. మనిషి అడ్డొస్తే పోతుంది," అన్నాడు ఇంట్లోవాళ్ళతో. "పైగా ఛార్జింగు మిగలాలని ఫోనుకు కునుకులు నేర్పాను. కునుకులో టవరు తప్పిపోతే మళ్ళీ వెతుక్కోవడం కష్టం. కిటికీ ముందు అందరూ వంగి నడవండి."

"పాకమన్నావు కాదు, నయం!" అంది తల్లి, పెద్ద స్టీలు పళ్ళెం తుడుస్తూ. "నా ఇంట్లో నేను వంగను."

"ఒక్క గంటే కదా అత్తయ్యా," అంటూ కోడలు చీపురుతో వంగి అటు వెళ్ళింది, బకెట్టుతో వంగి ఇటు వచ్చింది. వెనకే ఇంజనీరూ వంగాడు.

ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు వరండాలోంచి ఇదంతా చూశాడు. వీళ్ళు పట్టుకెళ్ళిన నిచ్చెన నిన్ననే తిరిగి అడిగాడాయన. అర్థమైపోయింది. విసవిసా వచ్చి కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు.

"నన్ను చూసి దాక్కుంటారా? నా నిచ్చెనేదీ?"

అప్పటికి అరగంటగా ఫోనులో మాట్లాడుతున్న డైరెక్టరు ముఖం తెరిచిన నోటితో బిగుసుకుపోయింది.

"మాస్టారూ, కిందికి! కిందికి!" చేతులూపాడు ఇంజనీరు.

"నిచ్చెన అడిగితే కూర్చోమంటావేమిటయ్యా? రండి, అందరూ చూడండి!" వీధిలోవాళ్ళు కిటికీ నిండా మూగారు.

తల్లికి ఒళ్ళు మండింది. పళ్ళెం డాలులా పట్టుకుని, తెరిచి ఉన్న వీధి తలుపు ఎదురుగా నిలబడింది. "అప్పు తెచ్చాం, దొంగతనం చేయలేదు. దాక్కునే వంశం కాదు మాది!"

సరిగ్గా అప్పుడే ఫోను కునుకునుంచి లేచింది. తలుపులోంచి వచ్చిన టవరు సిగ్నలు పళ్ళేనికి తగిలి ఫోనుమీదికి మళ్ళింది. డైరెక్టరు నోరు కదిలింది.

"శభాష్! అడ్డొస్తే పక్కదారి వెతుక్కుంటోందే! ఛార్జింగూ తగ్గలేదు. లోపల ఏం పెట్టావయ్యా?"

"లోపల కాదండీ, బయట. మా అమ్మ."

"అయితే ఆవిణ్ణి కదలనివ్వకు! మిగతాది అలాగే చూద్దాం."

"అమ్మా, వంగకు! నీకు దణ్ణం పెడతాను!"

"నిలబడతాను. కానీ మీరందరూ వంగండి."

మిగతా అరగంటా కొడుకూ కోడలూ బల్ల పక్కన, హెడ్మాస్టరూ వీధివాళ్ళూ కిటికీ కింద, నడుములు వంచుకునే ఉన్నారు. ఫోను పాసయింది.

నిచ్చెన మాత్రం ఆ రోజు కూడా తిరిగి వెళ్ళలేదు.