చీమల ఇన్‌చార్జి

ఒమన్ దేశం అల్ సువైక్‌లోని ఒక ఖర్జూర తోటలో చీమలు సంతృప్తికరంగా పనిచేస్తున్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వాటికి వీసా, ఓవర్‌టైమ్, ఏసీ రూమ్ అక్కర్లేదు. అందుకే యాజమాన్యానికి వాటిమీద ఎనలేని గౌరవం.

ఈ ఘనకార్యానికి మూలం జగిత్యాల వైపు నుంచి వచ్చిన కూలీ భూమేశ్. ఊళ్లో పుట్టిన కూతుర్ని అతను ఇంకా ఫోన్‌లోనే చూస్తున్నాడు. లీవు అడిగినప్పుడల్లా వాయిదా పడుతోంది. శనిదోషమేమోనని రూమ్‌లో ఎవరో అంటే, ప్రతి శనివారం తోట మూల చీమల పుట్ట దగ్గర చక్కెర, గోధుమపిండి చల్లడం మొదలుపెట్టాడు. శనీశ్వరుడి పరిధి ఒమన్ దాకా ఉందో లేదో అతను విచారించలేదు.

శని సంగతేమో గానీ, చీమలు స్పందించాయి. బిగిసిపోయిన ఆ మూల నేలను మెల్లగా గుల్ల చేశాయి. అడుగు మట్టిని పైకి మోశాయి, పైనున్న చెత్తను లోపలికి చేర్చాయి. పెట్టిన నీరు పైన నిలబడిపోకుండా వేళ్లదాకా ఇంకింది. ఎండుముఖం పట్టిన చెట్లు కొత్త మట్టలు వేశాయి. అంతకుముందు ఆ నేలను బాగుచేయడానికి వచ్చిన నిపుణుడు చాలా ఫొటోలు తీసుకుని వెళ్లాడు కనుక, కొంత ఘనత ఆయనకూ దక్కింది.

అర్బాబ్, అంటే తోట యజమాని, స్వయంగా వచ్చి భూమేశ్ భుజం తట్టాడు. అదే అదనుగా భూమేశ్ లీవు అడిగాడు. సూపర్‌వైజర్ రఘుపతి నిజంగానే బాధపడ్డాడు.

“ఇన్నాళ్లూ నువ్వు లేకపోయినా నడిచేది కాబట్టి నీ లీవు సంగతి ఆలోచించాం. ఇప్పుడెలా వెళ్తావయ్యా? నువ్వు పోతే చీమల్ని ఎవరు చూసుకుంటారు?”

“నేనేం జేస్త సార్? అవ్వే జేస్కుంటయి.”

“ఆ అణకువే మాకు కావాలి,” అన్నాడు రఘుపతి. భూమేశ్‌ను చీమల ఇన్‌చార్జిగా నియమించారు. జీతం పాతదే.

రాజధానిలో, రూవి పేటలో ఉన్న మన తెలుగువాళ్లం ఊరుకుంటామా? శుక్రవారం హాలు మాట్లాడి సన్మానం పెట్టాం. మా తెలుగు సంఘం అధ్యక్షుడు గంగాధరంగారు ప్రసంగిస్తూ, “పరాయి నేలను సారవంతం చేయడం తెలుగువాడి రక్తంలోనే ఉంది. చీమలు మననుంచే నేర్చుకున్నాయి,” అన్నారు. శాలువా కప్పి మైకు భూమేశ్ చేతికిచ్చారు.

“నా బిడ్డకు నడక గూడ వచ్చింది,” అన్నాడు భూమేశ్. “పెద్దసార్లు ఇంతమంది ఉన్నరు. మా అర్బాబ్‌కు ఒక్క మాట చెప్పి లీవు ఇప్పియ్యుండ్రి.”

అర్బాబ్‌ను ఎరిగినవాళ్లం మాలో చాలామందే ఉన్నాం. ఎంత వినయంగా మాట్లాడాడని అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఇంతలో బిర్యానీ చల్లారుతోందని ఎవరో గుర్తుచేశారు. ముక్క మెత్తగా ఉడికిందని అందరం ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం.