ఎర్ర టిక్కులు పడ్డ కాగితం

ఆ రోజు లిఫ్టు మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే: పదకొండింటికి ప్రమోషన్ కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కడం, ఆపైన సూపర్‌వైజర్ కుర్చీలో కూలబడటం. లిఫ్టు చెడితేనే అతనికి పని. చెడిన లిఫ్టులో పైకి వెళ్లలేడు కదా! ఇరవై రెండేళ్లుగా ఆఫీసు ఆరంతస్తుల మెట్లెక్కి మోటారు గదికి చేరుతుంటే మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. ఆ కుర్చీ మాత్రం కింది అంతస్తులో, కిటికీ పక్కన ఉంది.

నెల రోజులుగా ఇంట్లో కూతురే పంతులమ్మ. రోజూ జరిగేవి పది, జరిగే అవకాశం ఉన్నవి పది వాక్యాలు రాయమనేది. పాపం, అతనికి తెలిసిన లోకమంతా ఆ ఆఫీసే. ముందురోజు రాత్రి "ద లిఫ్ట్ స్టాప్స్ ఎవ్రీ డే" అని రాశాడు. "ద రోప్ మే బ్రేక్" అని రాశాడు. "ద ఫోర్త్ ఫ్లోర్ మైట్ ఫాల్" అని కూడా రాశాడు. ఇంకొకటి తక్కువైతే అడుగున "ద మేనేజర్ స్లీప్స్ ఆఫ్టర్ లంచ్" అని పడేశాడు. కూతురు మురిసిపోయి అన్నిటికీ ఎర్ర సిరాతో టిక్కులు పెట్టింది. పొద్దున ఆఫీసుకు రాగానే మెకానిక్ మరమ్మతుల రిజిస్టరులో సంతకం చేసి, చదువుకుందామని తెచ్చుకున్న ఆ కాగితాన్ని అందులోనే మరిచిపోయి, మోటారుకు నూనె వేద్దామని మెట్లెక్కాడు.

ఆ ఆఫీసులో ఎర్ర సిరా వాడేది చీఫ్ ఇంజినీరు ఒక్కడే. ఎర్ర టిక్కు పడిందంటే ఆయన కళ్లారా చూసి ఖాయం చేసినట్టే. రిజిస్టరు తెరిచిన గుమాస్తాకు ముచ్చెమటలు పోశాయి. లిఫ్టుకు తాళం వేయించి, నాలుగో అంతస్తును ఖాళీ చేయమన్నాడు. పడితే తమ నెత్తినే కదా అని మూడో అంతస్తువాళ్లు అందరికంటే ముందు దిగారు, వాళ్ల వెనకే కింది రెండంతస్తులవాళ్లు. కింద ఎవరూ లేకపోతే పైన తామెందుకని ఐదు, ఆరువాళ్లూ ఫైళ్లు మోసుకుని దిగారు. చీఫ్‌ను అడుగుదామంటే ఆయన సెలవులో ఉన్నాడు. పోతూ పోతూ రహస్యంగా తనిఖీ చేసి వెళ్లాడని అందరూ నమ్మేశారు.

మోటారు ఎందుకు ఆగిందో తెలియక మెకానిక్ ఆరంతస్తులు దిగాడు. లోపం పైనే ఉందని ఎవరో అంటే మళ్లీ ఎక్కాడు. పైన ఏమీ కనబడక మళ్లీ దిగేసరికి పదకొండు కావస్తోంది. గుమాస్తా చేతిలో తన కాగితం చూసి ఉసూరుమన్నాడు.

"అది నా హోంవర్కండీ."

"మరి ఈ ఎర్ర టిక్కులు?"

"మా అమ్మాయి పెట్టింది."

భయపడి మాట మారుస్తున్నాడనుకుని గుమాస్తా కాగితాన్ని మేనేజరుకు అందించాడు. మేనేజరు అడుగుదాకా చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. మెకానిక్ ఉన్నదున్నట్టు చెప్పుకుంటే, ఆయన మాత్రం వెంటనే నమ్మాడు. నమ్మి, వీధిలో ఫైళ్లతో నిలబడ్డ ఆరంతస్తుల జనాన్ని ఒకసారి చూశాడు.

"హోంవర్కని ఇంకెవరితో అన్నావు?"

"గుమాస్తాగారితోనే. ఆయన నమ్మలేదండీ."

"మంచిదైంది. ఇంకెవరితోనూ అనకు."

ఆఖరి వాక్యమున్న ముక్కను శుభ్రంగా చింపి జేబులో వేసుకుని, మేనేజరు బయటికి నడిచాడు. ఈ మెకానిక్ ముందుచూపే లేకపోతే ఈ రోజు ఏమయ్యేదోనని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. మెకానిక్‌కు ఎటు చూడాలో తెలియలేదు.

"పరీక్ష సంగతేమిటండీ?" అని మెల్లగా అడిగాడు.

"నీకు పరీక్షేమిటయ్యా, ప్యాసే. ఇంత చూపున్నవాణ్ని కుర్చీలో కూర్చోబెడితే మాత్రం వీళ్లందరూ నా మొహాన ఉమ్మేస్తారు. రేపట్నుంచి రోజూ ఆరంతస్తులూ తిరిగి, ఏది పడొచ్చో రాసివ్వు. చీఫ్ వచ్చేదాకా లిఫ్టు తాళం తీయకూడదు, మెట్ల మీదే తిరుగు."

మెకానిక్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. సాయంత్రం గుమ్మంలోనే కూతురు అడిగితే ప్యాసయ్యానని చెప్పాడు. మిగతాది చెప్పే ఓపిక లేదు.