పేడపురుగులకు పన్ను నోటీసు

ఒక పెద్ద అడవిలో, మరీ అంత పెద్దదేమీ కాదు గానీ మున్సిపాలిటీ పెట్టుకునేంత పెద్ద అడవిలో, జాంబులింగం గారనే ఎలుగుబంటి చైర్మన్‌గా ఉండేవారు. మున్సిపాలిటీ రాకముందు ఆ అడవిలో ఏరు పారేది, గడ్డి పెరిగేది, ఎండాకాలంలో ఇప్పపూలు రాలేవి. వచ్చాక కూడా అవే జరిగేవి. కాకపోతే ఏటి ఒడ్డున 'ఈ ఏరు పాలకవర్గం కృషితో పారుచున్నది' అని ఒక బోర్డు వెలిసింది. ఆ బోర్డు ఖర్చు కోసం ఇంటి పన్ను వచ్చింది.

పన్నంటే ఇప్పపూలే. ఏడాదికి ఇంటికి నాలుగు దోసిళ్లు. వసూలైన పూలన్నీ, మున్సిపల్ ఆఫీసుగా వాడే కచేరీ బండ పక్కనున్న చెట్టు తొర్రలో పోసేవాళ్లు. అదే ఖజానా. ఇప్పపూలు నిలవుంటే ఏమవుతాయో కొండ ప్రాంతాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చైర్మన్ గారు రోజూ సాయంత్రం ఖజానాని స్వయంగా తనిఖీ చేసి, పాటలు పాడుకుంటూ ఇంటికి వెళ్లేవారు. ఆర్థిక వ్యవహారాలు ఇంకొకరికి అప్పగించడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు.

ఆ ఏడు పాలకవర్గం విజ్ఞానయాత్రకి వెళ్లింది. మనుషుల ఊరి పొలిమేర దాకా వెళ్లి, పొదల చాటున మూడు రోజులు కూర్చుని పరిశీలించింది. ఆ ఊరికి 'స్వాగతం సుస్వాగతం' అని రాసిన పెద్ద ద్వారం ఉంది. దాని వెనకాల అంతకన్నా పెద్ద చెత్తకుప్ప ఉంది. మనవాళ్లకి ద్వారం ఒక్కటే కనపడింది.

అడవికి గోడా లేదు, కంచే లేదు. ఎటునుంచైనా రావచ్చు, ఎటైనా పోవచ్చు. అయినా ఏటి రేవు దగ్గర వెదుళ్లతో స్వాగత ద్వారం లేచింది. దాని మీద చైర్మన్ గారి బొమ్మ, కమిషనర్ కొంగ గారి బొమ్మ, కిందగా ప్రతిపక్ష నాయకుడు కాకి బొమ్మ. ద్వారం దండగని కాకి మొదట్లో గట్టిగా వ్యతిరేకించాడు. బొమ్మ వేస్తామన్నాక నిర్మాణాత్మకంగా వ్యతిరేకించాడు. ఏనుగు పెద్దాయన మాత్రం ఆ ద్వారం కింద పట్టక, పక్కనుంచి తిరిగి వెళ్లేవాడు.

బడ్జెట్ సమావేశం నాటికి తొర్రలో అడుగు కనిపించింది.

"ఖర్చు తగ్గించుకోవాలి," అన్నారు కమిషనర్ కొంగ. ఆయన ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడి, అరమూసిన కళ్లతో మాట్లాడేవారు. కొత్తగా చూసినవాళ్లు మహా నిష్ఠాపరుడనుకునేవాళ్లు. ఏట్లో చేపల అభిప్రాయం వేరు.

"ద్వారానికి ఏటేటా రంగులెందుకు, ఆపేద్దాం," అన్నాడు కాకి.

"ద్వారం మన అడవి ఆత్మగౌరవం," అన్నారు చైర్మన్ గారు.

"పోనీ విజ్ఞానయాత్ర మానేద్దాం."

"వచ్చే యాత్రకి నీ పేరు కూడా రాశాం."

కాకి కూర్చున్నాడు. ఎవరి పద్దు దగ్గరికి వెళ్లినా ఆ పద్దుకి ఒక నాథుడు ఉన్నాడు. ఏ నాథుడూ లేని పద్దు కోసం కొంగ గారు కాగితాలు తిరగేసి, తిరగేసి, చివరికి ఒకచోట ముక్కు ఆనించారు.

"పేడపురుగులు," అన్నారు.

పేడపురుగుల గురించి సభలో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి అడవి శుభ్రంగా ఉండేది, అంతే. రాత్రి పడిన పేడనంతా అవి ఉండలు చుట్టి, వెనక్కాళ్లతో తోసుకుంటూ ఏటి గట్టు దాకా దొర్లించి, మెత్తటి నేలలో పాతిపెట్టేవి. దానివల్లే గడ్డి పెరిగేది. వాటికి జీతం లేదు, పండగ మామూలు లేదు. పేడే కూలి. కొన్ని ఉండల్లో గుడ్లు పెట్టుకుని పిల్లల్ని పెంచుకునేవి.

"జీతమే లేనివాళ్లకి కోత ఎలా పెడతాం?" అన్నారు చైర్మన్ గారు.

"అక్కడే మనం ఇన్నాళ్లూ పొరబడ్డాం," అన్నారు కొంగ గారు. "పేడ ఎవరిది? అడవిది. అడవి ఎవరిది? మున్సిపాలిటీది. అంటే వాళ్లు రోజూ మున్సిపల్ ఆస్తిని దొర్లించుకుపోతున్నారు. మనం వాళ్లని పారిశుద్ధ్య కార్మికులనుకున్నాం. కారు. వాళ్లు మనకి బాకీ ఉన్నవాళ్లు."

సభలో చప్పట్లు మోగాయి. పది ఉండలకి ఒక ఉండ పన్నుగా వసూలు చేసి, ఎరువు కింద వేలం వెయ్యాలని తీర్మానించారు. వేలంలో ఎవరు కొంటారని ఎవరూ అడగలేదు. కాకి పేదల పక్షాన వాకౌట్ చేసి, చెట్టు చుట్టూ ఒక చక్కరు కొట్టి, భోజనాల వేళకి తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే బిల్లు కలెక్టరు తొండ ఏటి గట్టుకి వెళ్లాడు. వరసగా ఉన్న ఉండల్ని తలాడిస్తూ లెక్కపెట్టి, పదోది తీశాడు. అది పేడపురుగుల మేస్త్రీ దాలమ్మది. ఆ ఏడు ఆమె పెట్టుకున్న గుడ్డు ఒక్కటే, అది ఆ ఉండలోనే ఉంది.

దాలమ్మ తొండ వెనకాలే కచేరీ బండ దాకా నడిచింది. తొండకి నాలుగంగల దూరం, పేడపురుగుకి ఒక పూట ప్రయాణం.

"బాబూ, పన్ను ఎగ్గొట్టేదాన్ని కాను. దీని బదులు ఇంకో రెండుండలు అట్టుకెల్లండి. అందులో నా బిడ్డుంది."

"ఉందనడానికి రుజువు?" అన్నారు కమిషనర్ గారు.

"గుడ్డు పెట్టిందాన్ని నేనే. ఇంకేటి రుజువు కావాలి బాబూ?"

"నోటిమాట చెల్లదు. పగలగొట్టి చూడాలి."

"పగలగొడితే సచ్చిపోతాది కదా."

"అప్పుడది ఖాళీ ఉండ కిందికి వస్తుంది. ఖాళీ వాటికి పన్నులో సగం రాయితీ ఉంది," అన్నారు కమిషనర్ గారు, కళ్లు తెరవకుండానే. ఆయన పాపం ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నారు. వినేవాళ్లకి ఒళ్లు మండే మాటలు చాలావరకు అలా మేలు చేస్తున్నాననుకునేవాళ్లే అంటారు.

జప్తు చేసింది విడిపించాలంటే సభ తీర్మానం కావాలట. సభ వానలు పడ్డాకేనట. ఉండని తీసుకెళ్లి ఎండలో, ఉత్త బండ మీద పెట్టారు. తేమ ఆరిపోతే లోపల పిల్ల బతకదని దాలమ్మకి తెలుసు.

మధ్యాహ్నానికల్లా పేడపురుగులన్నీ సమావేశమయ్యాయి. వాటి సమావేశానికి కోరం, అజెండా ఉండవు. "పోదారి," అంది ఒకటి. మిగతావి ఉండలు పట్టుకున్నాయి. ఏటికడ్డంగా పడిన మద్దిమాను మీంచి ఒకదాని వెనక ఒకటి అవతలి అడవికి దొర్లించుకుపోయాయి.

"నువ్వూ రాయే," అన్నాయి దాలమ్మతో.

"మీరెల్లండి. నాను బిడ్డ కాడుంటాను," అంది దాలమ్మ. ఎండుటేకు ఆకొకటి ఎక్కడినుంచో ఈడ్చుకొచ్చి ఉండ మీద కప్పింది. ఏటి నుంచి తడిమట్టి తెచ్చి పూసేది. ఒక్కో తిరుగుడికి ఒక పూట పట్టేది, ఆ పూట పూసింది ఆ పూటే ఆరిపోయేది.

నాలుగో రోజుకి అడవిలో కాలు తీసి కాలు పెట్టే చోటు లేదు. ఈగలు ముసిరాయి. గడ్డి మీద గేదెల పేడ అట్టలు కట్టింది, తినబోయిన జింకలు వాసన చూసి వెనక్కి తిరిగాయి. ఖజానా తనిఖీకి బయల్దేరిన చైర్మన్ గారు దారిలో జారిపడ్డారు.

ఏనుగు పెద్దాయన కచేరీకి వచ్చాడు. చట్టమంటే భయభక్తులున్న జీవి. ఏటా మొదటి రోజునే పన్ను కట్టి, ముందు కట్టినందుకిచ్చే రాయితీ తీసుకుని, రసీదు దాచుకునే రకం.

"ఈ కంపులో నా వాటాయే ఎక్కువని నాకు తెలుసు," అన్నాడు సిగ్గుపడుతూ. "ఇన్నాళ్లూ ఎవరో ఎత్తేవాళ్లు. ఎవరని ఏనాడూ అడగలేదు, నాదే తప్పు. ఆ పురుగుల్ని బతిమాలి పిలిపించండి."

"పిలిస్తే, వాళ్లు లేకపోతే మనకి జరగదని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది," అన్నారు కొంగ గారు. "ఇంకో మార్గం ఉంది. వేసినవాడే కట్టాలి."

అలా పేడ సుంకం వచ్చింది. తూకం ప్రకారం. తొండ ప్రతి పొదరింటికీ నోటీసు అంటించాడు. జింకలకి రోజుకి చారెడు ఇప్పపూలు, అడవిపందులకి దోసెడు, ఏనుగు పెద్దాయనకి పన్నెండు దోసిళ్లు.

పెద్దాయన నోటీసు రెండుసార్లు చదువుకున్నాడు. ఎగ్గొట్టడం ఆయన వంశంలోనే లేదు. కట్టడం ఆయన తరం కాదు. ఆ రాత్రంతా బిగపట్టుకుని, తెల్లారగట్ల ఏరు దాటి, అవతలి అడవిలో పని కానిచ్చుకుని, తేలికపడిన మనసుతో తిరిగొచ్చాడు. మున్సిపల్ పరిధి ఏరు దాకానే.

చూసినవాళ్లు ఊరుకుంటారా? మర్నాటి నుంచి తెల్లవారుతూనే స్వాగత ద్వారం దగ్గర బారులు. జింకలు, పందులు, అడవిగేదెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ద్వారం కిందనుంచి ఏటవతలికి పరుగు.

"చూశారా," అన్నారు చైర్మన్ గారు, బండ మీద నిలబడి. "ద్వారం దండగన్నారు. ఎంతమందికి పనికొస్తోందో."

అవతల పేడపురుగులకి చేతినిండా పని. చూస్తుండగానే అక్కడ గడ్డి మోకాలెత్తు లేచింది. జంతువులు మొదట పని ముగించుకుని వచ్చేసేవి. తర్వాత, ఎలాగూ వచ్చాం కదా అని నాలుగు పరకలు మేసి వచ్చేవి. ఆ తర్వాత, పొద్దున్నే మళ్లీ రావాలి కదా అని అక్కడే పడుకునేవి.

ఏనుగు పెద్దాయన మాత్రం రోజూ తొండం నిండా ఏటి నీళ్లు పట్టుకుని కచేరీ బండ దగ్గరికి వచ్చి, దాలమ్మ కప్పిన టేకాకు మీద మెల్లగా చిలకరించి వెళ్లేవాడు.

"ఇన్నేళ్లు నీ పని నా కంట పడలేదమ్మా," అన్నాడొకరోజు.

"కంట పడకుండా ఉంటేనే బాబూ మా పని సరిగ్గున్నట్టు," అంది దాలమ్మ. ఆమె చూపు మాత్రం ఉండ మీదే ఉంది. పెద్దాయన ఇంకో తొండం నీళ్లకి ఏటి వైపు తిరిగాడు.

ఎండలు ముదిరేసరికి అడవిలో మిగిలింది చైర్మన్, కమిషనర్, తొండ, బండ దగ్గర దాలమ్మ. చైర్మన్ గారికి అప్పుడు బెంగ పట్టుకుంది. ఇప్పపూలు కట్టేవాడు లేడు, తనిఖీ చెయ్యడానికి ఖజానాలో ఒక్క పువ్వు లేదు, సాయంత్రాలు పాట రావడం లేదు. దాలమ్మ దగ్గరికి వచ్చి వంగి మాట్లాడారు. అంత కిందికి ఆయన ఎన్నికలప్పుడు కూడా వంగలేదు.

"మీవాళ్లని వెనక్కి రమ్మను దాలమ్మా. పన్ను మాఫీ చేస్తాను. ద్వారం మీద నీ బొమ్మ వేయిస్తాను."

"నా బొమ్మెందుకు బాబూ. నా ఉండ నాకిచ్చీండి."

"ఇచ్చెయ్యండయ్యా," అన్నారు చైర్మన్ గారు.

"తీర్మానం కావాలండి," అన్నారు కొంగ గారు. "తీర్మానానికి కోరం కావాలి. సభ్యులందరూ ఏటవతల గడ్డి మేస్తున్నారు."

"నేను చైర్మన్ని."

"అందుకే మీరే నిబంధన మీరకూడదు."

ఆ నిబంధన మీద మొదటి సంతకం చైర్మన్ గారిదే.

ఆ వారంలోనే తొలకరి పడింది. వానకి కోరం అక్కర్లేదు కాబట్టి రెండు గంటలు ఏకధాటిగా కురిసింది. బండ మీది ఉండ నాని, మెత్తబడి, ఒక పక్కన పగులిచ్చింది. పగుల్లోంచి ముందు ఒక కాలు వచ్చింది. తర్వాత నల్లగా, తడితడిగా మెరుస్తూ పేడపురుగు పిల్ల బయటపడింది. దాలమ్మ దాన్ని తల నుంచి కాళ్ల దాకా తడిమి తడిమి చూసుకుని, అప్పుడు ఏడ్చింది. అన్నాళ్ల ఎండలో ఒక్కసారి కూడా ఏడవని తల్లి.

తొండ పుస్తకం తెరిచాడు. "జప్తులో ఉన్న ఆస్తిలోంచి అనుమతి లేకుండా బయటికి వచ్చినందుకు అపరాధ రుసుము. పిల్ల పేరు చెప్పు, రాసుకోవాలి."

దాలమ్మ పేరు చెప్పలేదు. ఏనుగు పెద్దాయన తొండం చాపితే, తల్లీపిల్లా ఎక్కి కూర్చుని ఏరు దాటిపోయారు.

ఇక మిగిలింది కొత్త బడ్జెట్. కొంగ గారు ఒంటికాలి మీద నిలబడి చదివారు. ద్వారానికి రంగులు, విజ్ఞానయాత్ర, ఏటి బోర్డు మరమ్మతు. ఖర్చులో మార్పేమీ లేదు.

"దీన్ని ఇళ్ల సంఖ్యతో భాగించు," అన్నారు తొండతో. "ఇళ్లెన్ని?"

"ఒకటండి. చైర్మన్ గారి గుహ."

"కాకి గూడు?"

"ఎండలు ముదరకముందే అవతలికి మార్చారండి. రోజూ వచ్చి నిరసన మాత్రం తెలుపుతామన్నారు. తమరిది ప్రభుత్వ క్వార్టరు కాబట్టి మినహాయింపు, నాది ఉత్త పుట్టపగులు."

"అయితే ఒకటితోనే భాగించు."

నోటీసు గుహ తలుపుకి అంటించారు. అడవి మొత్తం ఇంటి పన్ను, దాని కింద పేడ సుంకం, ఆలస్యమైతే వడ్డీ. చైర్మన్ గారు దాన్ని మూడుసార్లు చదివారు. ఆ తర్వాత ఆయన పాడుకుంటూ వెళ్లలేదు. తెల్లారగట్ల ఎవరూ చూడకుండా స్వాగత ద్వారం కిందనుంచి, వెలుపలికి వెళ్లారు.

మద్దిమాను దిగేసరికి ఎదురుగా దాలమ్మ, పక్కన పిల్ల. వాళ్ల పొద్దుటి పని మొదలైంది. ఆయన వెనక్కి తిరగబోయారు. కడుపులో ఇబ్బంది మాత్రం ఆగేలా లేదు.

"సిగ్గుపడకండి బాబూ, ఆ పొద చాటుకెల్లండి," అంది దాలమ్మ. "ఇక్కడ బిల్లు లేదు. మేం తీసేస్తాం."

నీతి: ఊరు ఊడ్చేవాడికి జీతం ఎగ్గొట్టినా ఊరు ఎలాగో నడుస్తుంది గానీ, వాడికి బిల్లు మాత్రం పంపకూడదు.