సంపూర్ణ విద్యుత్ వనభోజనం

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీ తెలుగు క్రైస్తవ సంఘ సభ్యులకు తెలియజేయడమేమనగా, జనవరి ఇరవై ఆరున సాలువా ఊరి పొలాల దగ్గర జరిగిన సంపూర్ణ విద్యుత్ వనభోజనం అఖండ విజయం సాధించింది. కిట్టనివాళ్ళు పుట్టించిన వదంతులు నమ్మవద్దు. ఆ రోజు అన్నం నల్లగా ఉన్న మాట నిజమే గాని, అన్నం తెల్లగానే ఉండాలని ఏ రూల్ బుక్కులోనూ లేదు.

ఈ మహత్కార్యానికి మూలపురుషుడు ఎబినేజర్ గారు. స్టేషన్ మాస్టరుగా రిటైరైన ఆయన, చేతులు ఊరుకోక ఒక పాత వ్యాను కొని, అందులో రెండు బ్యాటరీలు, ఇన్వర్టరు, ఇండక్షన్ పొయ్యి, రైస్ కుక్కరు, మిక్సీ, టోస్టరు పెట్టించారు. అంతటితో ఆగితే మామూలు మనిషే అయ్యేవారు. చర్చిలో ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డారు.

"గ్యాసు నేదు, కర్రల్నేవు. యంత్రాలే వండుతాయి. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి వండి పెడతన్న మా సూసన్న ఆ రోజు గరిటె ముట్టదు. దేవుడి సన్నిధిలో మాటిస్తన్నాను."

సంఘమంతా ఆమేన్ అంది. ఆడవాళ్ళ వైపు ఆమేన్ కాస్త గట్టిగానే వినిపించింది. ఆయన భార్య సూసన్నమ్మ మర్నాడే గోల్ బజారుకు వెళ్ళి, ఆ రోజు కూర్చోడానికని ఒక మడత కుర్చీ కొనుక్కుంది. పెళ్ళయ్యాక తనకోసం తాను కొనుక్కున్న మొదటి వస్తువు అదేనట.

పదకొండుమంది మగవాళ్ళం, ముఖ్య అతిథిగా సూసన్నమ్మ, ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాం. బ్యాటరీలు ఒకేసారి రెండు వస్తువుల బరువు మొయ్యలేవు గనుక, ఒక సెక్షన్లో ఒకే బండి అన్న రైల్వే సూత్రాన్ని అమలు చేశాం. ఎబినేజర్ గారు ఇత్తడి టోకెన్ ఎవరి చేతికిస్తే వాళ్ళే స్విచ్ వెయ్యాలి. రిటైర్డ్ గార్డు తిమోతి గారు పచ్చజెండా ఊపారు, టోస్టరు బయల్దేరింది. యాక్సిడెంటు ఒక్కటీ జరగలేదు.

ఈ వైభవాన్ని వీడియో తీశాం. చూస్తే తీసినాయన బొటనవేలు తప్ప ఏమీ పడలేదు. అందుచేత మళ్ళీ నలభై రొట్టె ముక్కలు కాల్చాం, నూరిన మసాలానే మళ్ళీ నూరాం. తర్వాత సంఘ కార్యదర్శి సొలొమోను గారు అవే బ్యాటరీలకు మైకు, రెండు పెద్ద బాక్సులు తగిలించారు.

"సోదరులారా! మన తాతలు ఆవిరి యుగాన్ని చూశారు. మన తండ్రులు డీజిల్ యుగాన్ని చూశారు. మనమో, పొగలేని పొలంలో పొయ్యిలేని వంట చూస్తున్నాం!" ఇలా ముప్పావుగంట.

పదకొండున్నరకు, అన్నం సగం ఉడికి, కోడి ముక్కలు ఇంకా మసాలాలోనే ఉండగా, ఇన్వర్టరు ఒకసారి కుయ్యిమని ఊరుకుంది.

ఎవరమూ కంగారుపడలేదు. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మాకు కరెంటు పోవడం తెలుసు, రావడం తెలుసు. అయిపోవడం మాత్రం ఎన్నడూ ఎరగం.

"పోయిన కరెంటు రాక ఎక్కడికెల్తాది?" అన్నారు తిమోతి గారు. వ్యాను చుట్టూ కూర్చుని ఎదురుచూశాం.

గంటయ్యాక ఎబినేజర్ గారు అలవాటు చొప్పున కరెంటు ఫిర్యాదుల గదికి ఫోను చేశారు. "కోయార్టర్ నంబర్ బోలున్ దాదా," అన్నాడు బెంగాలీ గుమాస్తా, క్వార్టరు నంబరు చెప్పమని. ఈయన వ్యాను నంబరు చెప్పారు. అతను రాసుకున్నాడు. రెండున్నరకు ఫోనులో సందేశం వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.' లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. కుక్కరు ముట్టుకుంటే చల్లగా ఉంది. కూర్చున్నాం.

పక్క పొలంలో ముసలామె మా అవస్థ చూసి, "ఉనున్ తో ఆఛే దాదా," పొయ్యి ఉందిగా అంటూ తన మట్టిపొయ్యి చూపించింది. పదకొండు తలలూ ఒక్కసారిగా మడత కుర్చీ వైపు తిరిగాయి.

సూసన్నమ్మ కమలాపండు వలుచుకుంటోంది. "అలా సూస్తారేటి? నాను గరిటె ముట్టనని దేవుడి సన్నిధిలో సెప్పింది మీరే కదా. ఆ మాట నాను తప్పించనా? అమ్మో, పాపం!"

ఇక చేసేదేముంది! సొలొమోను గారు పొయ్యి ఊది ఊది కళ్ళు ఎర్రబెట్టుకున్నారు. తిమోతి గారు పచ్చజెండాతోనే విసిరారు. ఎబినేజర్ గారు ఉప్పు డబ్బా పట్టుకుని వచ్చారు.

"సూసన్నా, ఉప్పెంతెయ్యాలే?"

"టోకెన్ నాకాడ నేదు," అంది ఆవిడ.

సాయంత్రం నాలుగున్నరకు భోజనాలయ్యాయి. మాకు ముద్ద దిగలేదు. సూసన్నమ్మ మాత్రం మాడిన అన్నం, ఉప్పు కషాయం లాంటి కూర రెండోసారి వడ్డించుకుని తింది. కళ్ళు తుడుచుకుంది. "ఒకలు వండి పెడితే తిండం ఇలాగుంటాదేటి!" అంది.

విజయమంటే ఇది కాదా? కాదన్నవారికి రుజువు: తరువాతి ఆదివారం కాలనీ స్త్రీలు పంతొమ్మిదిమంది వచ్చే విద్యుత్ వనభోజనానికి పేర్లిచ్చారు.

ఆ సాయంత్రమే ఎబినేజర్ గారింట్లో పెద్దలం అత్యవసరంగా సమావేశమయ్యాం. వ్యాన్లలో వంటలు మన సంస్కృతికి విరుద్ధమనీ, బ్యాటరీలు పొలాలకు చేటనీ, మితిమీరిన విశ్రాంతి స్త్రీల మోకాళ్ళకు మంచిది కాదనీ ఏకగ్రీవంగా తీర్మానించాం. సమావేశం మూడు గంటలు సాగింది. మూడుసార్లు టీ వచ్చింది. ఎవరు పెట్టారో మేమెవరమూ అడగలేదు. చదువుతున్న మీరూ పెద్దమనుషులే గనుక, అడగరనే మా నమ్మకం.