బైపాస్ మీద కళ్లం

ఇమ్మాన్యుయేల్ ఆ పొద్దున ప్రార్థన కాస్త ఎక్కువసేపే చేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టిఫినైనా తినకుండా ఆఫీసుకు బయల్దేరాడు. అనకాపల్లి బైపాస్ కింద అతను పాతించి, పైన కొత్త తారు పోయించిన సెన్సరుకు ఆ రోజే పరీక్ష. పైనుంచి బండి వెళ్తే అది లెక్కపెడుతుంది. రద్దీ పెరిగితే కంప్యూటరు చెబుతుంది. అప్పుడు మీట నొక్కితే, నక్కపల్లి వైపునుంచి వచ్చేవాళ్లకు దారి మార్చుకోమని కరెంటు బోర్డు వెలుగుతుంది. ఇదంతా సవ్యంగా జరిగితే ఉద్యోగం పర్మినెంటు. పర్మినెంటయితేనే మేనత్త దీవెనమ్మ తన కూతురు రోజలిన్‌ని ఇస్తుంది.

"కాంట్రాక్టు ఉజ్జోగానికి కాంట్రాక్టు పెళ్లి సేత్తామేట్రా?" అని ఆవిడ ఎప్పుడో తేల్చేసింది.

దీవెనమ్మకూ ఆ పొద్దున ఒక పనుంది. ఉలవ చేను కోయించింది గాని, నూర్చడానికి కళ్లం లేదు. చుట్టుపక్కల అందరిలా రోడ్డు మీద పరుద్దామంటే లారీలు గింజల్ని చెల్లాచెదురు చేస్తాయి. ఆదివారం చర్చి దగ్గర మేనల్లుడితో ఆ బాధే చెప్పుకుంది. ఇప్పుడు చూస్తే, సరిగ్గా తన చేనుకెదురుగా బైపాస్ మీద నల్లటి, నున్నటి గడి. చుట్టూ తెల్లరంగు గీత. పక్కన పేర్చిపెట్టిన ఎర్ర ప్లాస్టిక్ కోన్లు. ఆవిడకు కళ్లు చెమర్చాయి.

"సూసేవా పరదేశీ! అడిగేనో నేదో, మా ఓడు కళ్లం ఏయించేసేడు. ట్రాక్టరు తోలుకురా!"

ట్రాక్టరు డ్రైవరు పరదేశి గడి చుట్టూ కోన్లు పెట్టి, నిండా ఉలవ మొక్కలు పరిచి, ట్రాక్టరును గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు.

అక్కడ ఆఫీసులో, విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు రామ్మోహనరావుగారు టీ తాగుతున్నారు.

"లెక్క సంగతి సరేనయ్యా. బోర్డు మీద రాసింది లారీవాడు వింటాడా? నా అనుమానమంతా అదే."

అంతలో కంప్యూటరులో అంకె ఎగబాకింది. "రద్దీ సార్!" అంటూ ఇమ్మాన్యుయేల్ సంబరంగా మీట నొక్కాడు. 'ముందు రద్దీ. ఊళ్లోంచి వెళ్లండి' అని బోర్డు వెలిగింది. అంకె తగ్గాలి కదా, తగ్గలేదు. పరదేశికి అప్పుడే ఊపొచ్చింది.

"ఇంకా పెరుగుతోందేమిటయ్యా? పద, చూద్దాం!"

జీపు ఆఫీసు గేటు దాటలేకపోయింది. బైపాస్‌లో పోవలసిన లారీలన్నీ ఊళ్లోకొచ్చి, బెల్లం మార్కెట్టు దగ్గర ముక్కుకు ముక్కు ఆనించి నిలబడ్డాయి. వాటి మధ్య బెల్లం దిమ్మల బళ్లు, పూడిమడక చేపల ఆటో. డ్రైవర్లంతా కలిసి ఆ బోర్డు పెట్టినవాణ్ని తిడుతున్నారు. ఆ పెట్టినవాడు తల వంచుకుని వాళ్ల మధ్యనుంచే నడిచాడు. వెనకాల సారు ముక్కు మూసుకుని నడిచారు.

బైపాస్ నిర్మానుష్యంగా ఉంది. మధ్యలో ఒకే ఒక్క ట్రాక్టరు గింగిరాలు తిరుగుతోంది. ఉద్యోగం, రోజలిన్ రెండూ ఆ ఉలవల్లో కలిసిపోయాయనుకున్నాడు పాపం ఇమ్మాన్యుయేల్.

"ఒచ్చేవా నాన్నా! కళ్లం అద్దంలాగుంది. నీ సేతులు సల్లగుండాల!" అంది దీవెనమ్మ.

"అత్తా… అది కళ్లం కాదే…" అన్నాడతను.

రామ్మోహనరావుగారు రోడ్డు ఆ చివర్నుంచి ఈ చివరికి చూశారు. "ఇటు లారీలేం రాలేదా అమ్మా?"

"మొదట్లో ఒచ్చేయి బాబూ. తరవాత ఒక్కటీ నేదు. మా ఓడే ఆపించినట్టున్నాడు."

"ఒక్కటీ రాలేదా!" సారు ముఖం వెలిగిపోయింది. "విన్నారయ్యా, లారీవాళ్లు బోర్డు మాట విన్నారు! ఇరవయ్యేళ్ల సర్వీసులో వాళ్లు ఒకరి మాట వినడం ఇదే చూడ్డం."

"మరి ఆ లెక్క సార్…"

"ట్రాక్టరు మాత్రం బండి కాదా? తిరిగిన ప్రతిసారీ లెక్కపెట్టింది. నీ పర్మినెంటుకు నేను రాస్తాను. ముందు ఈ రోడ్డు ఖాళీ చేయించు."

"అయితే ఈ గోనె మూతి పట్టుకోండి బాబూ," అంది దీవెనమ్మ. పెద్ద ఇంజనీరుగారు పట్టుకున్నారు. ఆఫీసరు చేత గోనె పట్టించగలిగిన కుర్రాడికి పిల్లనివ్వడానికి ఆవిడకింక సందేహం మిగల్లేదు.

పర్మినెంటు ఆర్డరు వచ్చాక మొదటి ఆదివారం చర్చిలో పాస్టరుగారు పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చన్నారు. వెనక వరసలోంచి రైతు తాతబ్బాయి లేచి నిలబడ్డాడు.

"పెళ్లికేటీ నేదండీ. మా మినుములకి ఆ బోర్డు ఎప్పుడెలిగిత్తాడో కనుక్కోండి."